పానగల్లు కట్ట మీద 42 కిలోమీటర్లు

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాకా పోయి కుడికి మళ్లితే నల్లగొండ. అంతా కలిపి 100 కిలోమీటర్లు. ఫుల్ మారథాన్ పరుగు ఆదివారం తెల్లారకముందే 4.30కు మొదలు, కాబట్టి మేము శనివారం మధ్యాహ్నానికే చేరుకున్నాం. అర్ధరాత్రి బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చుని వచ్చి, దిగీ దిగగానే ఉరికేవాళ్లు ప్రతిసారీ నలుగురైదుగురు ఉంటారు. సగం దూరం కాకముందే పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన కూర్చునేదీ వాళ్లే.

ఈ పరుగు ఒక రిటైర్డ్ పీఈటీ సారు కోసం. ఏడు పదులు దాటిన మనిషి, ముప్పై ఏళ్లుగా ఉరుకుతున్నాడు. ఎన్నడూ కప్పు గెలవలేదు, మొదటి పది మందిలోనూ లేడు. మధ్యలో వదిలేసినవి రెండున్నాయి. ఆ రెండూ డైరీలో కారణంతో సహా ఉన్నాయి: ఒకటి మోకాలి బయటి నరం, ఒకటి ఎండ. ఊళ్లో ఇప్పుడు పొద్దున్నే బూట్లేసుకుని బయల్దేరేవాళ్లలో ముప్పావు వంతు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. సన్మానం చేస్తామంటే ఒప్పుకోలేదట. "ఫుల్ పెట్టండ్రి, నేను గూడ ఉరుకుత" అన్నాడట. అట్లా పెట్టిందే ఇది.

శనివారం సాయంత్రమంతా దారి మీదే గడిచింది. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో ఉరికిన ఈ దూరమే 1921లో ఖాయమైంది. ఇక్కడ దాన్ని ఎనిమిది ముక్కలు చేశారు: ఊరి చివర నుంచి పానగల్లు మీదుగా ఉదయసముద్రం కట్ట మీది మలుపు దాకా 5,274 మీటర్లు, మళ్లీ వెనక్కి. ఇట్లా నాలుగు రౌండ్లు. కొలిచింది ఫోన్‌తో కాదు, సైకిల్‌తో. ముందు చక్రానికి దాని తిరుగుళ్లను లెక్కపెట్టే జోన్స్ కౌంటర్ బిగించి, స్టీలు టేపుతో కొలిచిపెట్టిన 300 మీటర్ల తిన్నటి రోడ్డు మీద నాలుగుసార్లు తొక్కి, కిలోమీటరుకు కౌంటర్ ఎన్ని అంకెలు తిరుగుతుందో తేల్చుకుంటారు. దారి కొలవడం అయ్యాక అదే 300 మీటర్ల మీద మళ్లీ తొక్కుతారు. పొద్దెక్కేకొద్దీ టైరులో గాలి వేడెక్కి చక్రం కొంచెం పెద్దదవుతుంది. ముందూ వెనకా రెండుసార్లు చూడకపోతే ఆ తేడా దొరకదు. దీని మీద కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు, దారి ఎట్టి పరిస్థితిలోనూ తక్కువ పడకూడదని. అందుకే మలుపు దగ్గర సున్నపు గీత 5,280 మీటర్లకు కొంచెం ఇవతల పడింది.

ఇంత చేసినా మర్నాడు చేతి గడియారాలు 42.6 అనో 42.7 అనో చూపిస్తాయి, దారి ఎక్కువుందని గొడవ మొదలవుతుంది. కొలత ఎప్పుడూ మలుపుల్లో లోపలి అంచు పట్టుకుని, మనిషి పోగలిగిన అతి దగ్గరి దారిన పోతుంది. ఉరికేవాళ్లు మాత్రం నీళ్ల టేబుల్ కోసం అటు, గుంత తప్పించుకోవడానికి ఇటు పోతారు. ఆ వంకర్లన్నీ గడియారం లెక్కలోకి వస్తాయి.

బాణం గుర్తులు ముగ్గుతో వేస్తారు. పొడి ముగ్గయితే మంచుకు తడిసి, బండ్ల టైర్లకంటుకుని తెల్లారేసరికి మాయమవుతుంది. సున్నం తడిపి కుంచెతో గీస్తే రెండు రోజులుంటుంది, టార్చి వెలుగులో మెరుస్తుంది కూడా. ఇంకో సంగతి, ఈ రోజుల్లో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. పట్టా ఎగరకుండా అంచుకు పెట్టిన రాళ్లే చీకట్లో ప్రమాదం. రైతుతో వడ్లు తీయమని ఇక్కడెవరూ అనరు. ఆయన పంటకు ఆ రోడ్డే కల్లం. సాయంత్రమే పోయి ఒక మాట చెప్పి, రాళ్ల వరుస చుట్టూ సున్నపు గీత వేసి వస్తారు. ఒకాయన పట్టా సర్దుతూ మా సారును అడిగాడు, "బస్సు తప్పిందా సారూ, గింత దూరం ఉరుకుడెందుకు?"

రాత్రి భోజనం అన్నం, పెసరపప్పు చారు, పెరుగు. జొన్నరొట్టెల సీమలో పరుగు ముందు రాత్రి జొన్నరొట్టె పెట్టరు. పీచు ఎక్కువ. 25వ కిలోమీటరు దగ్గర కడుపు పిలిస్తే ఆ కట్ట మీద చెట్టు చాటు కూడా లేదు. మాంసం, పల్లీల పొడి కూడా బంద్. పొద్దున 3 గంటలకు రెండు అరటిపండ్లు, పలచటి రాగిజావ ఒక గ్లాసు. కాలిగోళ్లు నాలుగు రోజుల ముందే అడ్డంగా తిన్నగా కత్తిరించుకోవాలి. చంకల్లో, తొడల మధ్య, బనీను రాసుకునే చోట వాజిలీన్ పూయాలి. కొత్త బనీను, కొత్త సాక్సు ఆ రోజు ముట్టొద్దు. బూటులో బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. రెండు గంటలు ఉరికితే పాదం ఉబ్బుతుంది, ఖాళీ లేకపోతే గోరు నల్లబడి ఊడుతుంది. సారు దగ్గర రెండు జతలున్నాయి, మార్చి మార్చి వేస్తాడు. లోపలి అట్ట కింద మొదలుపెట్టిన తేదీ, డైరీలో ఏ జత ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లెక్క. 600 దాటితే ఆ జత పొలానికి పోతుంది.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఇది నల్లగొండ కాబట్టి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో మర్రిగూడ వైపు ఊళ్లల్లో ఎముకలు వంగిపోయిన తరాలున్నాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పడిందంటే ఆ బాధ ఎంతటిదో తెలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మామూలు మనిషి కంటే ఉరికేవాడు రోజుకు రెండు మూడు లీటర్లు ఎక్కువ తాగుతాడు, ఆ విషమూ అంతే ఎక్కువ దిగుతుంది. అందుకే సారుతో ఉరికే ఈ గ్రూపు వాళ్లు సాధన రోజుల్లోనూ బోరు నీళ్లు ముట్టరు, కృష్ణ నీళ్లే.

ఫుల్ ఉరికేవాళ్లు 30 మంది, ఒకటి రెండు రౌండ్లతో ఆగేవాళ్లు 50. టేబుళ్లు మూడు: మొదట్లో, మధ్యలో, మలుపు దగ్గర. ఒక రౌండులో నాలుగుసార్లు నీళ్లు దొరుకుతాయి, అంటే 2.6 కిలోమీటర్లకు ఒకసారి. ఒక్కోసారి 150 మిల్లీలీటర్లు, ఫుల్‌కు మొత్తం 2.4 లీటర్లు. అందరి లెక్కా కలిపితే 120 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లు ఆరు. తల మీద పోసుకోవడానికి నాలుగు కలిపి పది తెచ్చారు. పంచేటప్పుడు మధ్య టేబుల్‌కు ఐదు పోవాలి, ఎందుకంటే పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తాగేది అక్కడే. మూడింటికీ సమానంగా పంచిన చోట్ల 8 గంటలకల్లా మధ్య టేబుల్ ఎండిపోతుంది. కాగితపు కప్పులు లేవు, స్టీలు గ్లాసులే. కడిగేందుకు ఇద్దరు, పక్కన రెండు బకెట్లు.

తాగమన్నారు కదా అని కనబడ్డప్పుడల్లా గటగటా తాగడం ఇంకో తప్పు. ఐదారు గంటలు వట్టి నీళ్లే పోస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, వేళ్లు ఉబ్బడం, ఆ తర్వాత మాట తడబడటం. అది చూసి నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకా తాగిస్తే ప్రాణం మీదికే వస్తుంది. రెండో రౌండు నుంచి మధ్య టేబుల్ మీద ఓఆర్ఎస్ పెడతారు. లీటరుకు 20.5 గ్రాముల పొట్లం, సరిగ్గా లీటరు నీళ్లకే. చప్పగా ఉండాలని రెండు లీటర్లలో కలిపితే పని చేయదు, అర లీటరులో కలిపితే కడుపు తిప్పుతుంది. మజ్జిగ మాత్రం ఉరుకుడయ్యాకే.

4.30కు చలి బాగానే ఉంది. ఊరి చివర చికెన్ దుకాణాల దగ్గర కుక్కలు లేచాయి. అక్కడ అందరూ పరుగాపి నడుస్తారు, ఎవరూ ఎదురు తిరగరు, కర్ర ఎత్తరు. ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కన ఉరుకుతారు. వెనక లైటు లేని ట్రాక్టర్లున్న రోడ్లకు ఇది తప్పనిసరి. వాన నీరు జారడానికి రోడ్డు అంచుకు వాలి ఉంటుంది. గంటల తరబడి ఒకే వాలు మీద ఉరికితే పై వైపు కాలికి ఒక లెక్క, కింది వైపు కాలికి ఒక లెక్క, చివరికి మోకాలి బయట పట్టేస్తుంది. సారు వదిలేసిన మొదటి పరుగు కథ అదే. అందుకే బండ్లు లేని కట్ట మీద అందరూ నడిమిట్లోకి వస్తారు.

సారు అందరికంటే వెనక వరసలో నిలబడ్డాడు. 4 నిమిషాలు ఉరుకుడు, 1 నిమిషం నడక. అలసిపోయాక కాదు, మొదటి కిలోమీటరు నుంచే. ఉరుకుడు కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు, నడక 11 నిమిషాలు, కలిపితే 8. కుర్రవాళ్లు మొదటి రౌండు కిలోమీటరుకు ఐదున్నర నిమిషాలతో కొట్టుకుంటూ ముందుకు పోయారు. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం సుమారు 2,000 క్యాలరీలకే సరిపోతుంది. తొందరపడేకొద్దీ అది ముందే ఖర్చవుతుంది, 30 నుంచి 32 కిలోమీటర్ల మధ్య కాళ్లు సీసమవుతాయి. నాలుగో రౌండులో అట్లా నడుస్తున్నవాళ్లను సారు ఒక్కొక్కరినే దాటాడు. దాటుతూ ప్రతి ఒక్కరికీ ఒకటే చెప్పాడు: "బెల్లం ముక్క నోట్లేసుకో బిడ్డా, నిలబడకు, నడువు."

సాధన లెక్క కూడా డైరీలోదే. ఆగస్టు మధ్యలో మొదలు, 16 వారాల పైన. మంగళవారం 8 కిలోమీటర్లు, గురువారం 10, శనివారం 6, ఆదివారం పొడుగు ఉరుకుడు. ఆదివారాలు 16, 18, 20, ఆ తర్వాత 14కు దిగుడు. మళ్లీ 22, 24, 26, మళ్లీ 18. అట్లా 32 దాకా పోయి, చివరి మూడు వారాలు తగ్గించుడు. ఆ దిగే వారాన్ని ఎగ్గొట్టినవాళ్లకే మోకాలి కింద ముందు ఎముక నొప్పి వస్తుందని ఇక్కడి అనుభవం. పొద్దున లేవగానే నాడి మామూలు కంటే 8 ఎక్కువ కొట్టుకుంటే ఆ రోజు ఉరుకుడు లేదు. వారానికోసారి లతీఫ్ సాహెబ్ గుట్ట, ఎక్కేటప్పుడు ఉరుకుడు, దిగేటప్పుడు నడకే. తొడ కండరాలను చింపేది ఎక్కుడు కాదు, దిగుడు.

ఎవరో కుర్రాడు ఫౌజా సింగ్ పేరెత్తాడు, 89 ఏళ్లకు, 2000లో లండన్‌లో తన మొదటి మారథాన్ ఉరికిన మనిషి. "ఆయన ముందట నేను పోరగాన్ని" అన్నాడు సారు.

10.07కు గీత దాటాడు. మొదటి సగం 2 గంటల 49 నిమిషాలు, రెండో సగం 2 గంటల 48. శాలువా, దండ పట్టుకుని జనం ఎదురెళ్లారు, ఆయన ఆగలేదు. అంతసేపు ఉరికి ఒక్కసారిగా నిలబడితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి కళ్లు తిరుగుతాయి. పది నిమిషాలు నడవాలి. దండ పట్టుకున్నవాళ్లు ఆయన వెనకే వరసగా నడిచారు, ఫొటోలాయన వెనక్కి నడుస్తూ తీశాడు. దండ వేయించుకుని, ఉప్పు మజ్జిగ రెండు గ్లాసులు తాగి, ఒకరి బండెక్కి మళ్లీ మధ్య టేబుల్ దగ్గరికే పోయాడు. చివరి మనిషి వచ్చేదాకా టేబుల్ తీయకూడదని ఈ గ్రూపు కట్టుబాటు. ఆ రోజు చివరి మనిషి ఒక అంగన్‌వాడీ టీచరమ్మ, ఆమెకు మొదటి ఫుల్. 11 దాటాక మధ్య టేబుల్ దగ్గరికి వచ్చింది. సారు గ్లాసు చేతికిచ్చి, ఆమెతో చివరి రెండున్నర కిలోమీటర్లు నడుస్తూ వచ్చాడు. వెనకాల టేబుల్ మడిచారు, గ్లాసులు లెక్కపెట్టారు. నీళ్ల క్యాను ఒకటి మిగిలింది.

తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం బస్సు. గంటకోసారి లేచి నిలబడాలి. ఎల్బీనగర్‌లో దిగేటప్పుడు రాడ్డు గట్టిగా పట్టుకుని, మొహం బస్సు వైపే ఉంచి వెనక్కి వెనక్కి దిగాలి. కండక్టర్ నవ్వుతాడని ముందుకు దిగితే రెండో మెట్టు మీదే తొడలు వదిలేస్తాయి.