తాటి మట్టల మంచం, జీరంగి రెక్కల గౌను

ఆదివారం.

ఈ రోజు వంట త్వరగా ముగించి అమ్మను కెడల్‌స్టన్ హాల్ చూపించడానికి తీసుకువెళ్ళాను. ఇంగ్లండ్‌లోని డెర్బీ నుంచి నాలుగైదు మైళ్ళ దూరంలోనే ఉన్న పాత ప్రభువుల భవనం అది. నరసరావుపేట నుంచి వచ్చినప్పటి నుంచీ దుకాణాలు తప్ప ఏమీ చూపించలేదన్న దెప్పు ఇక తప్పినట్టే.

గొర్రెలు మేసే పచ్చిక, వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ కట్టిన మూడు కమానుల వంతెన దాటితే ఆరు భారీ స్తంభాల ముఖభాగం ఎదురవుతుంది. అమ్మ కాసేపు తలెత్తి చూసి, "ఇంతింటికి చీపురు పట్టేదెవరే?" అంది. ఇంత పెద్ద ఇళ్ళను చూసి అందరూ నోరు వెళ్ళబెడతారు గానీ ఆ ప్రశ్న ఎవరూ వేయరు.

1759లో ఇక్కడి యజమాని నథానియల్ కర్జన్ పాత ఇంటిని పడగొట్టించి దీన్ని మొదలుపెట్టాడు. పని ముగ్గురు వాస్తుశిల్పుల చేతులు మారింది. మాథ్యూ బ్రెటింగ్‌హామ్ ఆరంభించాడు, జేమ్స్ పెయిన్ ఉత్తరపు ముఖం కట్టాడు. తోట పనికని వచ్చిన రాబర్ట్ ఆడమ్ చివరికి ఇల్లంతా తన చేతిలోకి తెచ్చుకున్నాడు. గెలుపంటే అదీ. కొత్త ఇంటి కోసం పక్కనున్న ఊరినే లేపి దూరంగా పెట్టారు. చర్చిని మాత్రం కదపలేదు. అది ఇప్పటికీ ఇంటిని ఆనుకునే ఉంది, ప్రార్థనకు వచ్చే ఊరు లేకుండా.

లోపల మొదటిది మార్బుల్ హాల్. గోడలకు కిటికీలు లేవు, వెలుగంతా కప్పులోని అద్దాల నుంచే. పాతికడుగుల ఎత్తున అలబాస్టర్ స్తంభాలు 20 నిలబడి ఉన్నాయి. ఆ రాయి పక్కనే ఉన్న నాటింగ్‌హామ్‌షైర్‌ది. దగ్గరికి వెళ్ళి చూస్తే తెల్లటి ఒంటి మీద ఎర్రటి, పచ్చటి చారలు నరాల్లా పాకాయి. దాని వెనక సెలూన్ అనే గుండ్రటి పెద్ద గది, రోమ్‌లోని పాంథియన్ అనే పురాతన గుడిని తలుచుకుంటూ కట్టినది. గుమ్మటం 62 అడుగుల ఎత్తు. అక్కడి స్తంభాలు మాత్రం రాయి కావు, రంగు కలిపిన గచ్చును నున్నగా మెరుగుపెట్టి చలువరాయిలా నమ్మించారు. నేను నమ్మేశాను. అమ్మ నమ్మలేదు.

ఇంతా చేసి ఈ నడిమి భవనంలో యజమాని కాపురం ఉండలేదు. ఇది అతిథులకు చూపించుకోవడానికి. కుటుంబం ఒక పక్కనున్న చిన్న మేడలో ఉండేది, వంటిల్లు రెండో పక్క మేడలో. వంకర నడవా అంతా మోసుకొచ్చేసరికి కూరలో వేడి ఎంత మిగిలేదోనని అమ్మకు బెంగ. 1777లో దీన్ని చూసిన ఆంగ్ల రచయిత శామ్యూల్ జాన్సన్ ఇది టౌన్‌హాలుకు బాగా పనికొస్తుందని, స్తంభాల గదిలో జడ్జీలు కూర్చోవచ్చని ఎగతాళి చేశాడు.

ఆ ఎగతాళిని కలకత్తాలో నిజం చేశారు. 1799 నుంచి 1803 దాకా అక్కడ కట్టిన గవర్నమెంట్ హౌస్‌కు, అంటే తర్వాతి రాజ్‌భవన్‌కు, నమూనా ఈ ఇల్లే. ఇక్కడ నాలుగు పక్క మేడలు అనుకుని రెండింటితో ఆపేశారు, కలకత్తాలో నాలుగూ లేచాయి. అసలు కన్నా నకలే నిండుగా ఉందన్నమాట. 1859లో ఇదే కెడల్‌స్టన్‌లో పుట్టిన జార్జ్ కర్జన్, 1899లో వైస్రాయిగా వెళ్ళి ఆ నకలు ఇంట్లోనే దిగాడు. బెంగాల్‌ను చీల్చినదీ, 1902లో నిజాం దగ్గర బేరార్ ప్రాంతాన్ని శాశ్వత కౌలుకు రాయించుకున్నదీ ఆయనే. 1904లో మన పాత కట్టడాల రక్షణకు చట్టం తెచ్చినదీ ఆయనే. ఒక్క మనిషిని పూర్తిగా తిట్టుకునే సుఖం కూడా చరిత్ర ఇవ్వదు. "కర్జన్ పట్టినది కర్జన్ వద్దే ఉండాలి" అన్నట్టుగా ఉంటుంది ఆ వంశ నినాదం. అయినా 1987లో ఇల్లు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు చేతికి వెళ్ళింది. ఇప్పుడు అత్యున్నత రక్షణ శ్రేణిలో ఉంది.

పై గదుల్లో ఒక రాచమంచం ఉంది. దాని కోళ్ళను తాటి జాతి చెట్ల మానుల్లా చెక్కి, పైన మట్టలు విప్పారినట్టు బంగారు పూత వేశారు. "తాటిచెట్టు కింద పడుకుంటే కాయ నెత్తిన పడుతుందని ఎవరూ చెప్పలేదా వీళ్ళకి?" అని అమ్మ నవ్వింది.

కింద కర్జన్ తూర్పు దేశాల నుంచి తెచ్చిన వస్తువుల మ్యూజియం. వెండి, దంతం, ఆయుధాలు వరుసగా దాటేశాం. నెమలి గౌను దగ్గర మాత్రం అమ్మ కదలలేదు. 1903 ఢిల్లీ దర్బారులో కర్జన్ భార్య మేరీ తొడుక్కున్నది. ఢిల్లీ పనివాళ్ళు జర్దోజీ కుట్టిన గుడ్డ పారిస్ వెళ్ళి, వర్త్ సంస్థలో గౌనుగా మారింది. బరువు నాలుగు కిలోల పైనే. వెండి, బంగారు తీగల మీద నెమలి ఈకలు ఒకదానిపై ఒకటి పరిచినట్టుంటాయి. ఒక్కో కన్ను నడుమ నీలం కలిసిన ఆకుపచ్చ మెరుపు.

"అవి రాళ్ళు కావు, జీరంగి పురుగు రెక్కలు" అంది అమ్మ, అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి. అక్కడ కూర్చున్న పెద్దావిడ అవునంది. అంతే, అమ్మ నన్ను దుబాసీని చేసేసింది. చిన్నప్పుడు జీరంగులను అగ్గిపెట్టెల్లో పెట్టి తుమ్మాకు వేసేవాళ్ళమని, గుడ్డు పెడితే బడంతా చూడటానికి వచ్చేదని చెప్పించింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, ఏ నెలల్లో దొరుకుతాయని అడిగింది. వానలు పడ్డాక, అంది అమ్మ. తుమ్మాకు అంటే ఏ ఆకో చెప్పడానికి నాకు ఫోనులో బొమ్మ వెతకవలసి వచ్చింది.