కొబ్బరిచెట్టు నుంచి పద్దెనిమిది అంగలు

మాల్దీవుల్లోని ఈ చిన్న దీవికి టీచర్‌గా వచ్చి నాలుగేళ్లు దాటింది. వచ్చిన కొత్తలో, జూన్ నెలలో, బడి వెనక పడమటి ఒడ్డు కళ్లముందే కోసుకుపోతుంటే టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. పక్కింటి పెద్దాయన మాత్రం తాపీగా, "తూర్పు ఒడ్డుకు వెళ్లి చూడండి టీచర్‌గారూ, ఇసుకంతా అక్కడే ఉంది. ఇరువై రాగానే తిరిగొస్తుంది" అన్నారు. ఇరువై అంటే ఇక్కడ ఈశాన్య రుతుపవనం. నైరుతి అలలు పడమటి ఇసుకను దీవి చుట్టూ తిప్పి తూర్పున పోస్తాయి, ఇరువై దాన్ని వెనక్కి తెస్తుంది. జనవరికల్లా నిజంగానే వచ్చేసింది.

అప్పటినుంచి నెలకోసారి పిల్లలూ నేనూ బడి వెనక కొబ్బరిచెట్టు నుంచి పోటు గీత దాకా అంగలు లెక్కపెడుతున్నాం. ఆ జనవరిలో ముప్పై ఒకటి. ఈ జనవరిలో పద్దెనిమిదే. చెట్టు మొదట్లో మన్ను జారిపోయి, పెన్సిల్ మందం వేళ్లు కుచ్చులా గాలిలో వేలాడుతున్నాయి. పట్టుకుంటే తడిగా, ఉప్పగా ఉన్నాయి.

మధ్యలో జరిగింది ఒక్కటే. పడవల రేవు కోసం లోతుగా తవ్వి, రాళ్ల కట్ట సముద్రంలోకి పొడిగించారు. రేవు అవసరమే, జబ్బు చేసినవాళ్లను పడవలోనే తీసుకెళ్లాలి. కానీ కట్ట ఇసుక దారికి అడ్డంగా పడింది. తిరిగి రావాల్సిన ఇసుక కొంత దాని పక్కనే మేట వేస్తోంది, కొంత తవ్విన గుంటలో పడుతోంది.

కొత్త ఇసుక పుట్టాలన్నా పగడపు దిబ్బే ఆధారం. చిలుకచేపలు దిబ్బను కొరికి విసర్జించే పొడే ఇక్కడి తెల్ల ఇసుకలో చాలా భాగం. 1998లో, 2016లో నీరు వేడెక్కి ఆ పగడాలు తెల్లబడి పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. 1987లో పెద్ద అలలు రాజధాని మాలేను ముంచాక జపాన్ సాయంతో కాంక్రీటు దిమ్మెలతో గోడ కట్టారు. జనం ఉండే దీవులు 180కి పైనే, అన్నింటికీ అలాంటి గోడ కట్టడం అయ్యే పనేనా? 2004 సునామీ తర్వాత కందొల్హుదూ జనమైతే ఊరే వదిలి దువాఫరు దీవికి మారారు.

నిన్న పెద్దాయన ఆ కొబ్బరిచెట్టుకు కట్టుకున్న తాళ్ల ఊయల విప్పి, లోపలి చెట్టుకు కట్టుకున్నారు. ముడి వేయడానికి సాయం పట్టాను. ఈసారి ఆయన ఇరువై మాట ఎత్తలేదు.