హుద్‌హుద్ తుఫాను తర్వాత వచ్చిన ఆ ఎండాకాలం

ఈ ఎండలు చూసి "ఇంతలా ఎప్పుడూ లేదు" అంటున్నారు గానీ, వైజాగ్‌లో 2015 మే చూసినవాళ్లు ఆ మాట అనరు.

మనకి ఎండాకాలమంటే ఉక్కపోత. చొక్కా ఒంటికి అతుక్కుపోవడం, సాయంత్రం బీచ్ రోడ్డు మీద గాలి తగిలితే ప్రాణం లేచిరావడం. ఆ మేలో ఒంటి మీద చెమట నిలిస్తే ఒట్టు! పడమటి నుంచి వచ్చే పొడి వడగాలి సముద్రపు గాలిని ఊళ్లోకి రానివ్వలేదు. మేడ మీద తడి లుంగీ ఆరేస్తే, బకెట్ ఖాళీ అయ్యేలోపే అప్పడంలా అయిపోయేది. పొద్దున్నే కుళాయి తిప్పినా వేడినీళ్లే. పెదాలు పగిలి ఆవకాయ ముట్టుకోలేకపోయాం.

పైగా నీడ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వేలాది చెట్లు పడగొట్టేసింది కదా. మోడులకి చిగుళ్లు వచ్చాయి గానీ వాటి కింద కోడిపిల్ల కూడా నిలబడలేదు. బస్టాపులో జనం కరెంటు స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు నిల్చునేవారు. నవ్వులాటకి అనడం లేదు, నిజం.

ఆ ఏడాది వడదెబ్బకి మన రాష్ట్రంలోనే 1,000 మందికి పైగా పోయారు, దేశం మొత్తం మీద 2,000 దాటారు. ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్లు. 2003లోనూ ఇదే గతి. తుఫాను తేదీ అందరికీ గుర్తుంది, ఈ చావులు ఎవరికీ గుర్తులేవు.

మా అమ్మ మాత్రం అప్పటి నుంచి మేలో పదకొండు దాటాక ఎవర్నీ గడప దాటనివ్వదు. నిన్న కొరియర్ కుర్రాడిని కూడా ఆపి ఉప్పేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగించింది. పాపం, ఇంకా బోలెడు డెలివరీలున్నాయని అతని టెన్షన్ అతనిది.