లెక్కకు రాని నౌన్లు

నౌన్ అంటే పేరు చెప్పే మాట. ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, యాబ్‌స్ట్రాక్ట్ అని అవి ఐదు రకాలు. మన బడిలో చదివినవాళ్ళెవరిని నిద్రలేపి అడిగినా ఈ జాబితా గడగడా అప్పజెప్పేస్తారు. పరీక్షలో మార్కులు దానికే. వాక్యం రాయబోతే మాత్రం అది ఎందుకూ కొరగాదు. ఫర్నిచర్ కలెక్టివా, మెటీరియలా అని గంటసేపు వాదించుకున్నా, 'ఫర్నిచర్స్' అని రాయకూడదన్న సంగతి ఆ వాదనలో తేలదు. అందుకే మన ఇంగ్లీషు మాస్టారు ఐదు రకాలనూ పక్కనబెట్టి బోర్డు మీద ఒక్క ప్రశ్న రాసేవారు: దీని ముందు 'టూ' పెట్టి లెక్కపెట్టగలమా?

లెక్కకు వచ్చే నౌన్ ఏకవచనంలో ఒంటరిగా నిలబడదు. ముందు ఎ, యాన్, ది, మై, దిస్ లాంటిది ఏదో ఒకటి ఉండి తీరాలి. తెలుగులో 'పెన్ను కొన్నాను' అంటే సరిపోతుంది, 'ఐ బాట్ పెన్' అంటే కుంటి వాక్యం. లెక్కకు రానిదైతే ముందు 'ఎ', చివర 'ఎస్' రెండూ పనికిరావు. 'మెనీ' పోయి 'మచ్' వస్తుంది, 'ఫ్యూ' పోయి 'లిటిల్' వస్తుంది. 'నాకు ఒక పని ఉంది' అనుకుని 'ఐ హావ్ ఎ వర్క్' అనేవాళ్ళు ఉద్యోగాల్లో చేరాక కూడా తగ్గలేదు. అక్కడ 'ఎ' తీసేస్తే చాలు.

చిక్కల్లా తెలుగు లెక్క వేరు, ఇంగ్లీషు లెక్క వేరు కావడమే. పాలు విరిగాయి, నీళ్ళు కాగాయి, డబ్బులు అయిపోయాయి, వార్తలు వస్తున్నాయి, లెక్కలు అర్థం కావు. మనకివన్నీ బహువచనాలే. మిల్క్, వాటర్, మనీ, న్యూస్, మ్యాథమెటిక్స్ మాత్రం 'ఈజ్'తోనే నడుస్తాయి. చివరి రెంటికీ తోక లాగా ఎస్ ఉన్నా మోసపోకూడదు. కత్తెర, ప్యాంటు, కళ్ళజోడు దగ్గర తంతు తిరగబడుతుంది. మనకు ఒక్కటే వస్తువు. ఇంగ్లీషులో సిజర్స్, ట్రౌజర్స్, గ్లాసెస్, 'ఆర్' పడాల్సిందే. ఒకటని చెప్పాలంటే ముందు 'ఎ పెయిర్ ఆఫ్' పెట్టాలి. పోలీస్‌కూ 'ఆర్' వస్తుంది. ఒక్కడే వస్తే 'ఎ పోలీస్‌మన్ కేమ్' అనాలి, 'ఎ పోలీస్' అనకూడదు.

ఇంకో మెలిక. ఇంగ్లీషు మాటకు మన 'లు' తగిలించి లగేజీలు, ఫర్నిచర్లు అని మాట్లాడటం అలవాటే. మాటలో తప్పేమీ లేదు, అది తెలుగే. రాతలోకి వచ్చేసరికి ఆ 'లు' కాస్తా ఎస్ అయి కూర్చుంటుంది. దుకాణాల బోర్డుల మీద 'ఫర్నిచర్స్', ప్రకటనల్లో 'ఎక్విప్‌మెంట్స్' ఇలా పుట్టినవే. సలహాలు, సమాచారాలు కూడా 'అడ్వైసెస్', 'ఇన్ఫర్మేషన్స్' అయ్యేది ఇదే దారిన.

మరి రెండు సలహాలని చెప్పాలంటే? దీనికి మాస్టారు చేతిలోని సుద్దముక్కే జవాబు. సుద్ద లెక్కకు రాదు, ముక్క వస్తుంది. 'టూ చాక్స్' కాదు, 'టూ పీసెస్ ఆఫ్ చాక్'. బెల్లంముక్క, వడ్లగింజ, ఉప్పుగల్లు అని మనం అనేది ఈ పద్ధతిలోనే కదా. అదే అచ్చులో టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్, టూ బార్స్ ఆఫ్ సోప్, ఎ గ్రెయిన్ ఆఫ్ రైస్ అని పోసుకుంటూ పోవచ్చు. లెక్క ఎప్పుడూ ముందు మాటకే: ఎస్ పీస్‌కు పడుతుంది, అడ్వైస్‌కు పడదు.

కొన్ని రెండు పడవల మీదా కాళ్ళు పెడతాయి. తల మీద ఉన్నది హెయిర్, సాంబార్లో తేలింది 'ఎ హెయిర్'. రాసుకునే కాగితం పేపర్, పొద్దున్నే ఇంటికొచ్చేది 'ఎ పేపర్'. హోటల్లో 'టూ కాఫీస్' అని ఆర్డరిస్తే తప్పేమీ లేదు, అక్కడ లెక్క కప్పులది.

ఎ పెట్టాలా, యాన్ పెట్టాలా అన్నది తెలుగు వచ్చినవాళ్ళకు తేలిక. ఇంగ్లీషు స్పెల్లింగు చూడకుండా మాటను తెలుగులో రాసుకోండి. అవర్, ఆనెస్ట్ మ్యాన్, ఎమ్మెల్యే అచ్చుతో మొదలయ్యాయి, యాన్. యూనివర్సిటీ, యూరోపియన్, వన్ రూపీ కాయిన్ హల్లుతో మొదలయ్యాయి, ఎ. కాస్త జాగ్రత్త: కోడిగుడ్డును 'యెగ్గు' అనే నోటికి ఈ చిట్కా తప్పుదారి చూపిస్తుంది. అది 'ఎగ్', కాబట్టి యాన్. యాపిల్ లాంటివి మనం 'యా'తో రాసుకున్నా ఇంగ్లీషులో పలికేది అచ్చే, వాటికీ యాన్.

బహువచనం స్పెల్లింగులకు నిఘంటువు చాలు. పలకడమే ఎవరూ పట్టించుకోరు. క్, ప్, ట్, ఫ్ శబ్దాల తర్వాత ఎస్‌ను 'స్' అనే పలకాలి: బుక్స్, క్యాట్స్. స్, ష్, చ్, జ్ తర్వాత 'ఇజ్' వస్తుంది: బసిజ్, బెంచిజ్. మిగతా వాటిలో చాలావరకు మన అక్షరాల్లో లేని శబ్దం, 'స' అంటూనే గొంతు మోగించాలి. గొంతు మీద వేలు పెట్టి చూసుకోండి: డాగ్స్ చివర అదురు తెలియాలి, క్యాట్స్ చివర తెలియకూడదు.