గుమ్మటం లేని మసీదు

కోజికోడ్‌లో ఆటో దిగి, కుట్టిచిర కోనేటి గట్టు మీద నిలబడి మిష్కాల్ మసీదు ఎక్కడని ఒక పెద్దాయనను అడిగాను. ఆయన నవ్వి నా వెనక్కి చూపించారు. అప్పటికి ఐదు నిమిషాలుగా నేను దానికే వీపు తిప్పి, మినార్ల కోసం ఆకాశమంతా గాలిస్తున్నాను.

తప్పంతా నాదే అనుకోను. ఈ మసీదుకు మినార్లు లేవు, గుమ్మటమూ లేదు. నాలుగు అంతస్తుల చెక్క కట్టడం. అంతస్తుకొక పెంకుల చూరు, పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. కొత్తవాడెవడైనా దీన్ని ఏ పాత సంస్థానాధీశుడి లోగిలో అనుకుంటాడు. కట్టించినవాడు అరబ్బు వర్తకుడే కానీ, ఉలి పట్టింది ఇక్కడి వడ్రంగులు. ఆకాశం చిల్లుపడినట్టు వానలు కురిసే నేల మీద నీళ్లు నిలవని కప్పు ఎలా వేయాలో వాళ్లకు ఒకరు నేర్పాలా?

ఆ వర్తకుడు నఖూదా మిష్కాల్. నఖూదా అంటే ఓడ యజమాని. 14వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈయన పేరు ప్రత్యేకంగా చెప్పాడు. చైనాతోనూ, యెమెన్‌తోనూ, పర్షియాతోనూ వ్యాపారం చేసే ఓడలు ఎన్నో ఉన్న ధనవంతుడట. మిరియాల కోసం ప్రపంచమంతా ఈ రేవులో లంగరు వేసిన రోజులవి. రాజుల పేర్లు మోసే కట్టడాలు చాలా చూశాను. ఒక ఓడల వ్యాపారి పేరు ఆరు వందల ఏళ్లకు పైగా నిలబడటం నాకు ఎక్కువ ముచ్చటగా అనిపించింది.

నిలబడటం అంత సులువుగా జరగలేదు. 1510 జనవరి 3న అల్బుకర్క్ నడిపిన పోర్చుగీసు సేన ఊరి మీద పడి మసీదుకు నిప్పు పెట్టింది. కోజికోడ్‌ను ఏలే సామూతిరి రాజు మందిరం మీదికి వెళ్లిన వాళ్ల సేనాని కుటిన్యో ఆ రోజే హతమయ్యాడు. అల్బుకర్క్ గాయాలతో ఓడ చేరుకున్నాడు. తర్వాత 1571లో సామూతిరి సైన్యం కోజికోడ్ దగ్గరి చాలియంలోని పోర్చుగీసు కోటను పట్టుకుని నేలమట్టం చేసింది. ఆ కోటలోని కలపనే మసీదును బాగుచేయడానికి వాడారని ఇక్కడ చెబుతారు. తగలబెట్టినవాడి కోట దూలాలు తెచ్చి, తగలబడిన మసీదుకు ఎత్తారన్నమాట! హిందూ రాజు, ముస్లిం ప్రజలు కలిసి తీర్చుకున్న బాకీ ఇది. పై అంతస్తులో కాలిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయని పెద్దాయన అన్నారు.

నేను ముస్లింను కాదని ముందే చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చి, "వసారా వరకు రండి" అన్నారు. అంతకన్నా కోరుకున్నదీ లేదు. చెప్పులు విడిచి అరుగెక్కాను. నీలి ఆకుపచ్చ రంగు పూసిన చెక్క దగ్గరగా చూస్తే, పాత పూత మీద కొత్త పూత పొరలుపొరలుగా పేరుకుని చెక్కడపు పూరేకుల అంచులు మొద్దుబారాయి. ఒకచోట రంగు పెచ్చులూడి లోపలి ముదురు గోధుమరంగు కలప బయటపడింది. నా వేళ్లు అక్కడే ఆగాయి. తలుపు చట్రంలో ఒక్క మేకూ నా కంటపడలేదు. లోపల నమాజు చేసే గది చల్లగా, మసకగా ఉంది. నాలుగు వందల మంది పడతారట.

చెక్కిన స్తంభాలు 24, తలుపులు 47 అని ఆయన చెప్పారు. తలుపులే 47 ఏమిటని నాకు అనుమానం. గది చుట్టూ తలుపులే, గాలి ఎటు నుంచి వస్తే అటు తెరుచుకోవచ్చు. సముద్రం దగ్గర్లో ఉన్న ఊళ్లో ఉక్కపోతకు ఇంతకన్నా మంచి ఉపాయం ఏముంటుంది? అయినా ఒకసారి చూద్దామని వసారా వెంట నడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. 31 దాకా వచ్చేసరికి అజాన్ వినిపించింది. కోనేటి వైపు నుంచి జనం వస్తున్నారు. నేను చెప్పులు వెతుక్కుంటూ పక్కకు తప్పుకున్నాను.