ఇరవై ఆకుల బంతి

కార్తీక సోమవారం. రాత్రి పది దాటింది.

మా ఆవిడ తెల్లారగట్లే శ్రీముఖలింగం బస్సెక్కింది. "పప్పులో ఉప్పు వేశానో లేదో, చూసుకోండి" అని చెప్పి మరీ వెళ్లింది. మధ్యాహ్నం మూడింటికి తిన్నాను. వెయ్యలేదు.

మా జిరాక్సు, నెట్ షాపులో పెద్ద కంప్యూటర్‌కి ఎస్‌ఎంపీఎస్, అంటే లోపల కరెంటు అందించే డబ్బా, కాలిపోతే పది రోజుల కిందట రిపేరుకి ఇచ్చాను. మొన్న రాత్రి తెచ్చి దింపాడు కుర్రాడు. ఇవాళ తాళం తీసేసరికే మెట్ల మీద ఒక పెద్దాయన కూచుని ఉన్నారు. ఆమదాలవలస నుంచి వచ్చారట, రైల్వేలో చేసి రిటైరయ్యారు. నవంబరంటే కేంద్ర పింఛనుదార్లు బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చుకునే నెల. ఫోన్లో ముఖం చూపించి కూడా చేయొచ్చు గానీ ఆయనకి ఈమధ్యే కంటి ఆపరేషన్ అయింది, నల్ల కళ్లద్దాలు తియ్యకూడదు. వేలిముద్ర మిషన్ ఆ పెద్ద కంప్యూటర్‌కే పనిచేస్తుంది.

"రెండు నిమిషాలు గురువుగారూ" అని వైర్లు తగిలించడం మొదలుపెట్టాను. ఆయన ఈలోగా గోడ మీద అంటించిన వైఫై పాస్‌వర్డ్ చూసి, నా దగ్గర పనిచేసే అమ్మాయి చేత కొట్టించుకుని భజనలు పెట్టుకున్నారు. విండోస్ వచ్చింది. నెట్ రాలేదు. కింద మూల గ్లోబు బొమ్మ, 'అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్' అని.

వైరు తీసి పెట్టాను. వెనక ఆకుపచ్చ దీపం వెలుగుతోంది, పసుపుది కొట్టుకుంటోంది. వేరే వైరు మార్చాను. అదే తంతు. నల్ల స్క్రీన్ తెరిచి, అడ్రస్ చూపించే ఐపీకాన్ఫిగ్ అన్న ఆదేశం కొడితే 169.254తో మొదలయ్యే నంబరు చూపించింది. ఆ నంబరు చూస్తే నాకు సగం విషయం తెలిసిపోతుంది. నెట్‌లో కంప్యూటర్‌కి అడ్రస్ ఆ నంబరే, కానీ ఇది ఎవరో ఇచ్చిన అడ్రస్ కాదు. ఎంత అడిగినా ఎవరూ పలక్కపోతే కంప్యూటర్ తనంతట తాను పెట్టుకునే పేరు. దాంతో వీధి గుమ్మం దాటలేదు. మళ్లీ అడగమని రెన్యూ కొట్టాను. చాలాసేపు ఆలోచించి, డీహెచ్‌సీపీ సర్వర్, అంటే అడ్రస్‌లు పంచేది, దొరకలేదని చెప్పింది.

అడ్రస్‌లు పంచేది మా రౌటరే, షాపులో అన్నిటికీ నెట్ అందించే డబ్బా. కంప్యూటర్‌కి అడ్రస్ లేదు కాబట్టి 0.0.0.0 అని చెప్పుకుని, వినేవాళ్లందరికీ వినబడేలా ఒక కేక వేస్తుంది. రౌటర్ 'ఇదిగో ఈ నంబరు' అంటుంది, ఇది 'సరే, అదే ఇవ్వు' అంటుంది, అది 'రాసుకున్నాను' అంటుంది. అంతే. 1997లో రాసిన నియమాలు ఇవి. ఆ ఏడు నేను టైపు లోయర్ పరీక్షకి కట్టి తప్పాను.

"ఏటి బాబూ, అవుతాదా?" అన్నారు పెద్దాయన. "ఏం లేదు గురువుగారూ, చిన్నదే" అన్నాను. నాకు మాత్రం టెన్షన్ మొదలైంది. బయట ఇంకో నలుగురు చేరారు.

ఇక్కడే తప్పు చేశాను. రిపేరు కుర్రాడికి ఫోన్ చేసి గట్టిగా తగులుకున్నాను. ఇన్ని రోజులు నీ దగ్గరుంది, ఏం కదిపావు, బోర్డు మీద నెట్ పోర్టు కాల్చేశావా అని. "ఎస్‌ఎంపీఎస్ మార్చినోడికి నెట్‌తో ఏటి పని అన్నయ్యా" అన్నాడు. పెట్టేశాను.

కోపం కాస్త దిగాక ముందే చెయ్యాల్సిన పని చేశాను. నెట్ సెట్టింగుల్లో 'ఆటోమేటిక్' తీసేసి అడ్రస్ చేత్తో రాశాను. 192.168.1.50, మాస్క్ 255.255.255.0, గేట్‌వే దగ్గర మా రౌటర్ అడ్రస్ 192.168.1.1, సైట్ల పేర్లకి అడ్రస్‌లు వెతికిచ్చే డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8. నెట్ వచ్చేసింది. పెద్దాయన వేలు పెట్టారు. మూడోసారికి పడింది, జీవితమంతా ఇనుము పట్టిన వేళ్లు కదా, గీతలరిగిపోయాయి.

నెట్ వచ్చిందంటే పోర్టు బాగుంది, వైరు బాగుంది. లోపం అడిగేవాడి దగ్గర కాదు, ఇచ్చేవాడి దగ్గర. రౌటర్‌ని ఒకసారి ఆర్పి వెలిగిస్తే అప్పటికి పనయ్యేదేమో. కానీ పక్క కంప్యూటర్లో షాపు అమ్మాయి ఎవరిదో పరీక్ష ఫీజు కడుతోంది, మధ్యలో నెట్ పోతే డబ్బులు గాల్లో ఉంటాయి. అయినా ఆర్పేస్తే కారణం దొరకదు.

రౌటర్ పేజీ తెరిచాను. పంచే అడ్రస్‌ల చివరి నంబరు 100 నుంచి 119 వరకు. అంటే 20. ఒకసారి ఇచ్చిన అడ్రస్‌కి గడువు 10080 నిమిషాలు, అంటే 7 రోజులు. ఈ రెండూ పెట్టింది నేనే, నాలుగేళ్ల కిందట, మేడ మీద గదుల్లోని కుర్రాళ్లు మా నెట్ వాడేస్తున్నారని. తర్వాతెప్పుడో, లోపల ఫోన్ సిగ్నల్ అందక ప్రింట్లకి పీడీఎఫ్‌లు పంపలేకపోతున్నారని పాస్‌వర్డ్ తెచ్చి గోడకి అంటించాను. మొదటిది మర్చిపోయి రెండోది చేశాను.

పెళ్లి భోజనాల్లో ఇరవై ఆకులే వేసి, తిని లేచిపోయినవాళ్ల ఆకులు వారం దాకా ఎత్తకపోతే ఏమవుతుంది? అదే అయింది. జాబితాలో ఇరవై పేర్లూ నిండి ఉన్నాయి. కెమెరా, ప్రింటరు, మా ఫోన్లు పోగా మిగతావన్నీ ఎవరెవరివో. ఒకదాని పక్కన ఇంకా 3 రోజులు ఉంది. అంటే గురువారం ఎవరో మూడు జిరాక్సులు తీయించుకుని వెళ్లిపోయారు, వాళ్ల ఆకు ఇంకా ఇక్కడే ఉంది. కరెంటు పోయినా ఇన్వర్టరుంది, కెమెరా కోసం రాత్రుళ్లూ రౌటర్ ఆపను, కాబట్టి ఆ జాబితా చెరిగే దారే లేదు. పక్క కంప్యూటర్ రోజూ నడుస్తుంది, సగం గడువు కాగానే పొడిగించుకుంటుంది, దాని చోటు పదిలం. పెద్దది రిపేరుకి వెళ్లి వారం దాటింది, దాని చోట్లో ఇంకొకరు కూచున్నారు.

చిట్టచివరి పేరు పక్కన 6 రోజుల 23 గంటలు. ఆ ఫోన్ మోడల్ పేరు చదివి, తలెత్తి చూశాను. పెద్దాయన చేతిలో అదే ఫోన్, భజన ఇంకా వస్తోంది. ఆఖరి ఆకు ఆయనే పట్టారు. ఆయనకి చెప్పలేదు. సర్టిఫికెట్ మడిచి పొందూరు ఖద్దరు జేబులో పెట్టుకుని, "నాను బతికున్నట్టే గదా బాబూ" అని నవ్వి వెళ్లారు.

ఆ 119ని 199 చేశాను, గడువు 120 నిమిషాలు చేశాను. కంప్యూటర్‌ని మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చాను. క్షణంలో వచ్చింది, 192.168.1.120.

సాయంత్రం కుర్రాడికి ఫోన్ చేశాను. తప్పు నాదేరా అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

"పర్లేదన్నయ్యా. ఎస్‌ఎంపీఎస్ డబ్బుల్లో రెండొందలు తక్కువిచ్చారు, అదొక్కటి చూడండి" అన్నాడు.