650 కిలోహెర్ట్జ్ మీద నాష్‌విల్: నా ఏఎం లాగ్

అమెరికాలోని నాష్‌విల్ నగరపు ఏఎం (మీడియం వేవ్) రేడియో స్టేషన్ డబ్ల్యూఎస్ఎం ఇప్పుడు చీకటి పడ్డాక దాదాపు ప్రతిరోజూ మా బాల్కనీలో వినిపిస్తోంది. మేం ఉండేది నార్త్ కరోలినాలోని ఛార్లెట్‌లో. నాష్‌విల్‌కీ మాకూ మధ్య అపలాచియన్ కొండలున్నాయి, దూరం సుమారు 550 కిలోమీటర్లు. పగలు గరగర తప్ప ఏమీ రాదు. పొద్దుగూకాక, వాతావరణం పైభాగంలో (అయనోస్ఫియర్) తరంగాలను మింగేసే డి పొర పలచబడుతుంది. అప్పుడు సిగ్నల్ ఇంకా పైనున్న పొరకు తగిలి మనవైపు దిగుతుంది.

రేడియో టెక్‌సన్ పీఎల్-330. ఇండియా నుంచి తెచ్చుకున్న సెట్ వాడేవాళ్లు ముందుగా ట్యూనింగ్ స్టెప్ చూసుకోవాలి. మన దగ్గర మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. ఆకాశవాణి హైదరాబాద్ 738, విజయవాడ 837, రెండూ 9 గుణిజాలే. అమెరికాలో ఆ ఎడం 10. స్టెప్ 9లోనే ఉంటే 648 తర్వాత 657కి దూకుతుంది, 650 దొరకదు. చాలా డిజిటల్ సెట్లలో దీన్ని మార్చుకోవచ్చు.

బాగా తేడా తెచ్చింది లూప్ యాంటెనా. 60 సెంటీమీటర్ల చదరపు చెక్క చట్రానికి 11 చుట్ల వైరు, చివరలకు పాత రేడియోలోంచి తీసిన 365 పికోఫారడ్ గ్యాంగ్ కండెన్సర్ (నాబ్ తిప్పి స్టేషన్ పట్టే భాగం). రేడియోకి వైరు కలపక్కర్లేదు, పక్కన పెడితే చాలు. నాబ్ మెల్లగా తిప్పుతుంటే 650 దగ్గర గొంతు ఒక్కసారిగా నిండుగా వస్తుంది. చట్రం అంచు స్టేషన్ వైపు ఉండాలి, అంటే మాకు పడమరకి, కాస్త వాయవ్యంగా. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఆపేస్తే మిగిలిన గోల కూడా చాలావరకు పోతుంది.

ఇంత దూరం ఎందుకు వస్తోందని వెతుకుతూ ఆ స్టేషన్ చరిత్రలో పడిపోయాను. 1925 అక్టోబర్ 5న దాన్ని మొదలుపెట్టింది నేషనల్ లైఫ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ. అప్పుడు పవర్ 1,000 వాట్లే. ఆ నవంబర్ 28న జార్జ్ హే అనౌన్సర్‌గా, అంకుల్ జిమ్మీ థాంప్సన్ అనే ముసలాయన ఫిడేల్ వాయించాడు. ఆ శనివారం కార్యక్రమమే తర్వాత గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న కంట్రీ మ్యూజిక్ (అమెరికా పల్లె సంగీతం) షో అయింది. 1932లో పవర్ 50,000 వాట్లకు చేరింది, బ్రెంట్‌వుడ్‌లో కొత్త టవర్ లేచింది. పాలసీలు అమ్ముకోవడానికి పెట్టిన స్టేషన్, పల్లె పాటలను రాష్ట్రాలు దాటించింది.

ఈ కథలో నన్ను కలచివేసేది డిఫోర్డ్ బెయిలీ సంగతి. మౌత్ ఆర్గాన్ మీద రైలు వెళ్తున్నట్టే వినిపించేవాడు. ఆప్రీ తొలినాళ్ల పెద్ద తారల్లో ఒకడైన ఆ నల్లజాతి కళాకారుణ్ణి 1941లో తీసేశారు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2005లో, ఆయన పోయిన చాలా ఏళ్లకు. అది అన్యాయమే.

టవర్ గురించి ఇంకాస్త చెప్పాలి. పైనా కిందా సన్నగా, నడుమ వెడల్పుగా వజ్రం ఆకారంలో ఉంటుంది. మొదట దాని ఎత్తు 878 అడుగులు. ఆ ఎత్తుతో రాత్రిళ్లు ఆకాశం నుంచి దిగే తరంగం దగ్గరి ఊళ్లలోనే నేల వెంట నేరుగా వచ్చే తరంగంతో కలబడి, పాట ఎగసిపడుతూ తగ్గిపోతూ వినిపించేది. 1939లో 808 అడుగులకు తగ్గించారు. 650 కిలోహెర్ట్జ్ తరంగం పొడవులో సగం కంటే అది కొంచెమే ఎక్కువ. 2010 మే వరదల్లో స్టూడియో మునిగినప్పుడు ప్రసారాలు నడిపింది ఈ టవర్ దగ్గరి గదుల నుంచే.

మా దగ్గర కూడా అలాంటి ఫేడింగ్ (శబ్దం తగ్గుతూ పెరుగుతూ ఉండటం) ఉంది. ఒక్కోసారి పాట మధ్యలో గొంతు అడుగంటి, మళ్లీ పైకి లేస్తుంది. అందుకే శనివారం రాత్రి మా టైమ్ 8 గంటలకు ఆప్రీ మొదలైనప్పుడు రికార్డింగ్ పెడుతున్నాను. గంట గంటకీ స్టేషన్ పేరు చెప్పే క్షణం అందులో దొరకాలి. దొరికాక యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైమ్, ఫ్రీక్వెన్సీ, విన్న పాటల వివరాలు, వాడిన యాంటెనా రాసి, ఎలా వినిపించిందో చెప్పే రిసెప్షన్ రిపోర్ట్ స్టేషన్‌కి పంపుతాను. ఈలోగా లూప్ కింద తిరిగే పీట ఒకటి చేయాలి.